నీళ్ళొద్దు సుబ్రహ్మణ్యం గారు

మా ఇంటి ఓనరు వెంకటసుబ్రహ్మణ్యం గారికి బీపీ లేదు, షుగరు లేదు, మోకాళ్ళ నొప్పులు లేవు. ఉన్నదల్లా ఒకటే జబ్బు. ఎవరైనా మొక్కకి నీళ్ళు పోస్తుంటే ఆయన చూడలేరు. వీధిలో ఏ ఇంట్లోనైనా ఒక చెంబు కుండీ వైపు వంగిందంటే చాలు, గేటు దగ్గర ప్రత్యక్షమై "ఆగండాగండి! చంపేస్తారా ఏంటి దాన్ని?" అని కేక పెడతారు. బందరు పరాసుపేటలో ఆయన్ని ఇంటిపేరుతో అడిగితే ఎవరికీ తెలీదు. 'నీళ్ళొద్దు సుబ్రహ్మణ్యం గారు' అని అడిగితే పాలపాకెట్ల మనిషి కూడా గుమ్మం దాకా తీసుకొచ్చి దింపుతాడు.

తమాషా ఏమిటంటే, ఆయన ఉద్యోగమంతా ఇరిగేషన్ ఆఫీసులో గడిచింది. "కాలవకి నీళ్ళెప్పుడు వదుల్తారండీ?" అని అడిగే రైతులకి జవాబు చెప్పీ చెప్పీ రిటైరయ్యారు. వీధి చివర టీకొట్టు అబ్బులు దీనికో సిద్ధాంతం కనిపెట్టాడు. "సర్వీసంతా ఊళ్ళకి ఊళ్ళే తడిపేశారు కదండీ. ఆయన కోటా అయిపోయింది," అంటాడు.

అన్ని మొక్కల మీదా ఆయనకి ఈ పట్టింపు లేదు. బీరపాదుకి, బెండమొక్కకి మీ ఇష్టమొచ్చినన్ని పోసుకోవచ్చు. ఆయన ప్రాణమంతా అడీనియం మీద. ఎడారి గులాబీ అంటారే, అది. మొదలు కుండలా ఉబ్బి ఉంటుంది, దాని మీద నాలుగు వంకర కొమ్మలు, కొమ్మల చివర గుత్తులుగా పూలు. ఆ ఉబ్బిన మొదలుని ఆయన 'బొజ్జ' అంటారు. తాగవలసిన నీళ్ళన్నీ అది ఆ బొజ్జలోనే దాచుకుంటుంది. మనం ప్రేమకొద్దీ పైన ఇంకా పోస్తే కుళ్ళిపోతుంది. అందుకని ఎక్కడ అడీనియం కనబడినా, అది బ్యాంకు మేనేజరు గదిలో ఉన్నా సరే, వెళ్ళి బొటనవేలితో బొజ్జ నొక్కి చూస్తారు. గట్టిగా ఉంటే "శభాష్" అంటారు. మెత్తగా ఉంటే ఆ ఇంటివాళ్ళతో కొన్నాళ్ళపాటు మాటలుండవు.

ఇంతకీ మాది డెల్టా. ఇక్కడ చేతిలో నీళ్ళుండి ఎదురుగా పచ్చటి ఆకు కనబడితే పోసెయ్యడమే తప్ప ఆలోచించడం మా రక్తంలో లేదు. అలాంటి ఊళ్ళో ఎడారి మొక్కని పెంచడమే కాక, వీధిలో ప్రతి ఇంటికీ ఒకటి పంచి, దాని బాగోగులు తానే చూసుకుంటానని బయల్దేరిన మనిషి ఆయన.

నేను మేడమీద వాటా అద్దెకి అడగడానికి వచ్చిన రోజు నాకింకా గుర్తే. ఉద్యోగం ఏంటని అడగలేదు, ఊరేదని అడగలేదు.

"పేరేంటమ్మాయ్?"

"దివ్యశ్రీ అండి."

"మొక్కలకి నీళ్ళు పోసే అలవాటుందా?"

మంచి మార్కులు పడతాయనుకుని, "రోజూ పొద్దున్నే పోస్తానండీ. నాకు చాలా ఇష్టం," అన్నాను.

"అయితే వాటా ఖాళీ లేదు," అని లోపలికి వెళ్ళిపోయారు.

ఆయన భార్య సత్యవేణి గారు బయటికొచ్చి, "కంగారు పడకమ్మా. పొయ్యనని చెప్పు, ఇచ్చేస్తారు," అని రహస్యం చెప్పారు. పొయ్యనని చెప్పాను. ఇచ్చేశారు. నేను బంటుమిల్లి దగ్గర రొయ్యల చెరువుల నీళ్ళు పరీక్ష చేసే ల్యాబులో పని చేస్తానని తర్వాత తెలిసింది ఆయనకి. "అంటే నీ బతుకంతా నీళ్ళేనా?" అని జాలిగా చూశారు. అప్పటి నుంచీ ఆయన నాకు బాబాయ్ గారు, ఆవిడ పిన్ని గారు.

మా పిన్ని గారికి ఈ మొక్కలతో పేచీ ఉన్న మాట నిజం. కొమ్మ నాటాలంటే ముందు దాన్ని కోసి, కారిన పాలు తుడిచి, కోసిన చోట పసుపు రాసి, గాయం మానేదాకా నీడలో ఆరబెట్టి, అప్పుడు ఇసకలో గుచ్చాలి. "మా ఇంట్లో పసుపు కుంకాలకి లోటు లేదమ్మా," అనేవారు పిన్ని గారు. "పసుపు వాటికి, కుంకం నాకు."

కొమ్మలు నాటడంతో తృప్తి పడక బాబాయ్ గారు పూలకి పెళ్ళిళ్ళు కూడా చేసేవారు. సన్న బ్రష్షుతో ఒక పువ్వులోని పుప్పొడి ఇంకో పువ్వులో అద్దడం. పెళ్ళి కుదిరితే జంటగా కొమ్ముల్లాంటి కాయలొస్తాయి. అవి పగిలితే గింజలు దూదిపింజల్లా ఎగిరిపోతాయి కాబట్టి ముందే వాటికి దారం చుట్టి కట్టాలి. ఊపిరి బిగబట్టి ఆయన దారం కడుతుంటే పిన్ని గారు గుమ్మంలో నిలబడి, "నాకు మూడు ముళ్ళు వెయ్యడానికి చేతులు వణికాయి. వీటికి చూడు, ఎంత నిబ్బరంగా వేస్తున్నారో," అనేవారు.

అలాంటి పెళ్ళిళ్ళలో పుట్టిందే చిట్టెమ్మ. ముదురు ఎరుపు, గులాబీలాగా పొరలు పొరలుగా రేకులు, పొట్టకూటి కోసం కష్టపడిన ఆనవాళ్ళేవీ లేని గుండ్రటి బొజ్జ. గింజ నుంచి ఏళ్ళ తరబడి పెంచారు. బయటికెళ్తూ చిట్టెమ్మకి చెప్పి వెళ్ళేవారు. పిన్ని గారికి చెప్పడం మర్చిపోయేవారు.

ఆయనతో ఫంక్షన్లకి వెళ్ళడం ఒక అనుభవం. చల్లపల్లిలో ఒక గృహప్రవేశానికి కానుకగా కుండీ పట్టుకెళ్ళారు. పురోహితుడు కలశంలో నీళ్ళు మామిడాకుతో ఇల్లంతా చల్లుకుంటూ వస్తున్నాడు. బాబాయ్ గారు కుండీకి అడ్డంగా నిలబడి, భుజం మీది కండువా తీసి మొక్కకి కప్పేశారు.

"పంతులు గారూ, దీనికి మటుకు వద్దండి."

"మంత్రజలమండీ!"

"మంత్రం చదవండి. జలం వద్దు."

పంతులు గారు ఆ మొక్కకి ఉత్త మంత్రమే ఇచ్చి ముందుకెళ్ళాడు. ఇంటివాళ్ళకి బాబాయ్ గారు తర్వాత వారం వారం ఫోను చేసి, కుశలం అడగకుండానే, "నొక్కారా? గట్టిగా ఉందా?" అనేవారు. పక్కన వినేవాళ్ళకి ఏమర్థమయ్యేదో భగవంతుడికి తెలియాలి.

మా ఎదురింట్లో ఎలీసబెతు గారు ఉంటారు. నర్సింగు హాస్టల్లో వార్డెనుగా చేసి రిటైరయ్యారు. ఒకప్పుడు హాస్టలంతటినీ గడగడలాడించిన మనిషట. మూడేళ్ళ కిందట భర్త జేమ్స్ గారు పోయాక ఆవిడ మాట కూడా సగం తగ్గింది. పొయ్యి మీద పాలు పెట్టి మర్చిపోయేవారు. తాళం వేశానో లేదో అని చర్చి దాకా వెళ్ళి వెనక్కొచ్చేవారు. జేమ్స్ గారు పెంచిన కరివేపాకు ఎండిపోయింది, కనకాంబరాలు ఎండిపోయాయి, తొట్టిలో చేపలు పోయాయి.

"నా చెయ్యి మంచిది కాదు అన్నయ్య గారూ. నేను ముట్టుకున్నదేదీ బతకట్లేదు," అన్నారొక రోజు గేటు దగ్గర.

మర్నాడే బాబాయ్ గారు ఆవిడకో కుండీ తీసుకెళ్ళి ఇచ్చారు. నేనూ పక్కనే ఉన్నాను. అందులో ఉన్నది ఒక ఎండుపుల్ల. ఆకు లేదు, చిగురు లేదు.

"ఇదేంటండీ? కట్టెపుల్లా?"

"అడీనియం కొమ్మ, ఎలీసబెతమ్మ గారూ. పెంచండి."

"నా వల్ల కాదండి. నేను అన్నీ మర్చిపోతున్నాను. నీళ్ళు పొయ్యడం కూడా మర్చిపోతాను."

బాబాయ్ గారి మొహం వెలిగిపోయింది. "అదేనమ్మా దీనికి కావలసింది! మర్చిపోవాలి. ఈ వీధిలో ఒక్కరికీ చేతకాని పని. మీకంటే బాగా ఇంకెవరూ పెంచలేరు."

ఆవిడ నవ్వారు. నేను ఆ వీధిలోకి వచ్చాక ఆవిడ నవ్వడం చూడ్డం అదే మొదలు.

ఆవిడ నిజంగానే మర్చిపోయారు. ప్రహరీ గోడ మీద కుండీ పెట్టి, ఎప్పుడైనా గుర్తొస్తే గుక్కెడు నీళ్ళు పోసి, మళ్ళీ మర్చిపోయారు. పుల్ల చిగురేసింది. కొమ్మలు వేసింది. ఈ ఏడాది వేసవి మొదట్లో ఆకు కనబడకుండా లేత గులాబీ రంగు మొగ్గలు వేసింది. ఆవిడ రోడ్డు మీద పోయేవాళ్ళని పిలిచి, "ఇదిగో, ఇది నేను పెంచిందే," అని చూపించడం మొదలుపెట్టారు. ఒకాయన కుండీ మీద చెయ్యి వెయ్యబోతే వార్డెను గొంతుతో "ముట్టుకోకండి!" అన్నారు. అవతలాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

ఇక గుడివాడ సంగతి చెప్పాలి. అక్కడ ఏటా వేసవిలో మొక్కల ప్రదర్శన పెడతారు. అడీనియాల్లో మొదటి బహుమతి ఏటా శివరామయ్య గారిది, రెండోది బాబాయ్ గారిది. శివరామయ్య గారు రైసుమిల్లు మనిషి. ఆయన మొక్క బొజ్జా, ఆయన బొజ్జా పోటాపోటీగా పెరుగుతుంటాయి. బహుమతి అందుకుని దిగుతూ ఆయన ప్రతిసారీ, "వచ్చే ఏడు చూద్దాం లెండి సుబ్రహ్మణ్యం గారూ," అని బాబాయ్ గారి వీపు తట్టేవాడు. ఆ తట్టు ఏడాదంతా నొప్పి పెట్టేదట.

ఈ ఏడాది మాత్రం అందరి నమ్మకం చిట్టెమ్మ మీదే. కొమ్మ కొమ్మకీ మొగ్గలు. బాబాయ్ గారు ఎలీసబెతు గారి మొక్కని కూడా పోటీకి రాయించారు. ఆవిడ "నాకెందుకండీ స్టేజీలూ అవీ" అంటూనే చీర ఏది కట్టుకోవాలో పిన్ని గారిని సలహా అడిగి వెళ్ళారు.

సరిగ్గా అప్పుడే, వేళకాని వేళ, వాయుగుండం పట్టుకుంది. రాత్రీ పగలూ ఒకటే వాన. చెరువుల్లో ఉప్పు శాతం పడిపోతోందని రైతులు సీసాల్లో నీళ్ళు పట్టుకుని ల్యాబు ముందు బారులు తీరారు. నేను బంటుమిల్లిలోనే స్నేహితురాలి ఇంట్లో ఉండిపోవలసి వచ్చింది. వాన తగ్గాక ఇంటికొచ్చేసరికి చిట్టెమ్మ పెరటి మధ్యలో ఒక పక్కకి ఒరిగి ఉంది. మొగ్గలన్నీ రాలిపోయాయి. వేలితో నొక్కి చూశాను. మగ్గిన సపోటా పండులా లోపలికి పోయింది.

బాబాయ్ గారు కుర్చీలో కూర్చుని ఉన్నారు.

"ఏమైందండీ?"

"నీళ్ళు పోశాను," అన్నారు.

"ఎవరు?"

"నేనే. పూలు ఇంకాస్త పెద్దవవుతాయని ఆశపడి పోశాను. ఎక్కువయ్యాయి."

పోప్ గారు క్రిస్మసు మర్చిపోయానన్నా నమ్మేదాన్నేమో గానీ ఈ మాట నా చెవికెక్కలేదు. పిన్ని గారి వైపు చూశాను. ఆవిడ బియ్యంలో రాళ్ళేరుతున్నారు. సంచీ బియ్యంలో రాళ్ళెక్కడివి అని నాకప్పుడు తట్టలేదు.

సంగతి క్షణాల్లో వీధంతా పాకింది. ఏళ్ళుగా ఆయన చేత చీవాట్లు తిన్న జనం, వదులుతారా? ఆయన కనబడితే చాలు, "చంపేశారా ఏంటి దాన్ని?" అని గేట్ల దగ్గర నిలబడి మరీ అడిగారు. టీకొట్టులో అబ్బులు గ్లాసుడు మంచినీళ్ళు ముందు పెట్టి, "చూసుకుని తాగండి బాబూ, ఎక్కువైతే ప్రమాదం," అన్నాడు. బాబాయ్ గారు అన్నిటికీ తల వంచుకుని, "పొరపాటైందండీ," అన్నారు. ఇంటికొచ్చి, కత్తి శుభ్రంగా తుడిచి, కుళ్ళు తగలని కొమ్మలన్నీ కోసి, పసుపు రాసి, కాగితం మీద వరసగా ఆరబెట్టారు. ఆ పూట పిన్ని గారు పసుపు డబ్బా తనే తెచ్చి ఇచ్చారు.

ఎలీసబెతు గారు వాన మొదలవగానే ఇంట్లోకి నీళ్ళొస్తాయని భయపడి చల్లపల్లిలో చెల్లెలి ఇంటికి వెళ్ళిపోయారు. తిరిగొచ్చి చూస్తే గోడ మీద కుండీ ఎక్కడిదక్కడే ఉంది. కొమ్మ నిండా విచ్చిన పూలు. రోడ్డుకి అడ్డంగా పరిగెత్తుకొచ్చారు.

"అన్నయ్య గారూ! కంగారులో దాన్ని గోడ మీదే మర్చిపోయి పోయానండీ. అన్నాళ్ళూ వానలో నానినా దానికేం కాలేదు! రండి, నొక్కి చూడండి!"

బాబాయ్ గారు వెళ్ళి గంభీరంగా నొక్కి, "రాయిలా ఉంది, శభాష్," అన్నారు.

ప్రదర్శనకి టాటా ఏస్ మాట్లాడుకుని వెళ్ళాం. ఆడవాళ్ళం ముందు ఇరుక్కున్నాం. బాబాయ్ గారు వెనక కుండీని ఒళ్ళో పెట్టుకుని, రెండు చేతులా పట్టుకుని, గుడివాడ దాకా గోతులన్నీ తన నడుముతో కాచుకుంటూ వచ్చారు. హాల్లో అడుగు పెట్టగానే శివరామయ్య గారు ఎదురొచ్చాడు.

"విన్నానండోయ్. మీ మొక్క నీళ్ళకి పోయిందటగా? మీ చేత్తోనే!" అని పొట్ట కదిలేలా నవ్వాడు.

"అవునండీ. ఈసారి మా బందరు తరఫున ఈవిడ వచ్చారు," అని బాబాయ్ గారు ఎలీసబెతు గారిని ముందుకి నిలబెట్టారు.

న్యాయనిర్ణేతగా వచ్చిన పెద్దాయన బల్లల చుట్టూ తిరిగి తిరిగి, మళ్ళీ మళ్ళీ ఆ గులాబీరంగు మొక్క దగ్గరే ఆగాడు. శివరామయ్య గారి మొక్క బొజ్జ బ్రహ్మాండంగా ఉంది గానీ పూలు అక్కడొకటి ఇక్కడొకటి. ఈ మొక్కకి పూల మధ్య వేలు పెట్టడానికి సందు లేదు. మైకులో "మొదటి బహుమతి, ఎలీసబెతు గారు, మచిలీపట్నం" అని వినబడగానే బాబాయ్ గారు వేసిన ఈలకి ముందు వరసలో కూర్చున్న పిల్లాడు జడుసుకున్నాడు. ఆయనకి ఈల వెయ్యడం వచ్చని పిన్ని గారికి కూడా అప్పుడే తెలిసింది.

కప్పు అందుకున్నాక రెండు మాటలు చెప్పమన్నారు. ఎలీసబెతు గారు మైకు ముందు ఒక్క క్షణం తడబడి, తర్వాత హాస్టల్లో పిల్లలకి చెప్పినట్టు గట్టిగా అందుకున్నారు.

"నేను దీనికి ఏమీ చెయ్యలేదండి. మర్చిపోయాను. అంతే."

హాలంతా చప్పట్లు.

"మొన్న వాయుగుండంలో కూడా గోడ మీద వదిలేసి పోయాను. వానంతా దీని మీదే కురిసింది. దేవుడి దయ వల్ల రాయిలా నిలబడింది. కాబట్టి నేను చెప్పేదేంటంటే, ఊరికే భయపడకండి!"

న్యాయనిర్ణేత ఆశ్చర్యపోయి బాబాయ్ గారి వైపు తిరిగాడు. "ఏమండీ, అడీనియం అన్నాళ్ళ వానకి తట్టుకుంటుందా? మీరైతే ఒక్క చెంబు కూడా పొయ్యొద్దంటారు కదా?"

హాలంతా ఆయన వైపే చూస్తోంది. ఆయన కళ్ళజోడు తీశారు, తుడిచారు, పెట్టుకున్నారు.

"కొన్ని వానలు మంచివండీ," అన్నారు.

"అంటే ఇన్నేళ్ళూ మీరు చెప్పింది తప్పన్నమాట!" అన్నాడు శివరామయ్య గారు.

"తప్పేనండీ," అన్నారు బాబాయ్ గారు సంతోషంగా. తర్వాత శివరామయ్య గారి చెయ్యి పట్టుకుని, "రెండో బహుమతికి స్వాగతమండీ. మంచి చోటు. ఇన్నేళ్ళూ నేను కూర్చుని వెచ్చగా ఉంచాను," అన్నారు. శివరామయ్య గారు తనే ముందు పకపకా నవ్వాడు. తిరిగొచ్చేముందు బాబాయ్ గారు, ఆరబెట్టిన చిట్టెమ్మ కొమ్మల్లో ఒకటి కాగితంలో చుట్టి ఆయన జేబులో పెట్టారు.

ఆ సాయంత్రం బాబాయ్ గారు కుండీ దింపడానికి ఎదురింటికి వెళ్ళారు. నాకు ఒకటే అనుమానం. పిన్ని గారి దగ్గర కూలబడ్డాను.

"పిన్ని గారూ, నేను రోజూ నీళ్ళతోనే కదా బతికేది. అంత వానలో గోడ మీద ఆ మొక్క బతకడం అసాధ్యమండీ."

ఆవిడ గుమ్మం వైపు ఓసారి చూసి, గొంతు తగ్గించారు.

"గోడ మీద ఎక్కడుందీ? వాన మొదలైన రోజే వీధిలో మోకాల్లోతు నీళ్ళలో నడిచెళ్ళి ఎత్తుకొచ్చారు ఈయన. చిన్న కుండీలన్నీ ఇంట్లో సర్దేశాం. కొమ్మలు చాపిన ఈ పెద్ద మొక్కలు రెండూ మొగ్గలు రాలకుండా గుమ్మంలోంచి పట్టవు. తడవని చోటు మెట్ల కింద ఒక్కటే, అందులో ఒకటే పడుతుంది. అప్పటికే చిట్టెమ్మ ఉంది అక్కడ."

"మరి?"

"మరేముంది. చిట్టెమ్మని బయటికి లాగి, ఆవిడ కుండీ లోపల పెట్టారు. చిట్టెమ్మకి గొడుగు పట్టుకుని నిలబడ్డారు చూడూ, మొదటి రోజంతా! గాలికి గొడుగు కాస్తా తిరగబడి పక్కింటి వాళ్ళ డాబా మీదికి ఎగిరిపోయింది. ఇక చేసేదేం లేక లోపలికొచ్చి తల తుడుచుకున్నారు. వాన తగ్గగానే, నువ్వు గానీ ఆవిడ గానీ రాకముందే, ఆ కుండీ తీసుకెళ్ళి గోడ మీద పెట్టేసి వచ్చారు."

"ఆ మాట చెప్పెయ్యొచ్చు కదండీ! వీధంతా ఆయన్ని ఎంత ఏడిపించారు!"

"చెబితే ఆవిడ పోటీకి వచ్చేదా? 'నా మొక్క కోసం మీ మొక్క పోయిందా, చూశారా నా చెయ్యి' అని మళ్ళీ తలుపేసుకునేది. అందుకని నీళ్ళు తనే పోశానని ప్రచారం చేసుకున్నారు." పిన్ని గారు నవ్వు ఆపుకోలేక కొంగు అడ్డం పెట్టుకున్నారు. "పెళ్ళయినప్పటి నుంచీ చూస్తున్నాను, ఆయన ఆడిన అబద్ధం ఇదొక్కటే. అదైనా కాస్త నమ్మేలా ఆడొచ్చు కదా!"

కథ ఇక్కడితో సుఖంగా ముగిసేదే. కానీ ఫస్టు ప్రైజు వచ్చాక ఎలీసబెతు గారు వీధికి సలహాదారు అయిపోయారు. పొయ్యి మీద పాలు పొంగడం మానేశాయి, గొంతు పూర్తిగా తిరిగొచ్చింది. అడీనియం ఉన్న ప్రతి ఇంటికీ వెళ్ళి, "వానకి బయట పెట్టండి, ఏం కాదు. నాది చూడలేదూ?" అని బోధిస్తున్నారు. వార్డెను చెప్పాక కాదనే ధైర్యం ఎవరికుంది?

నిన్న తొలకరి పడింది. కప్పు తెచ్చిన మనిషి మాట ప్రకారం వీధంతా కుండీలు అరుగుల మీదికి, గోడల మీదికి తెచ్చి పెట్టారు. బాబాయ్ గారు కొత్త గొడుగు వేసుకుని ఇల్లిల్లూ తిరుగుతూ, ఎవరూ చూడకుండా ఒక్కొక్కటీ చూరు కిందికి జరుపుతూ వస్తున్నారు. నేను రెయిన్‌కోటు వేసుకుని సాయం వెళ్ళాను.

"బాబాయ్ గారూ, నిజం చెప్పెయ్యండి. ఈ వానాకాలమంతా ఇలా పరిగెడతారా?"

"ష్! ఆవిడ చెయ్యి మంచిదని ఆవిడ చేత ఒప్పించడానికి మూడేళ్ళు పట్టింది అమ్మాయ్. పాడుచెయ్యకు. అటు పట్టుకో, ఇది బరువు."

ఇంతలో ఎదురింటి వరండాలోంచి కేక వినబడింది. "అన్నయ్య గారూ! ఆ కుండీతో అక్కడేం చేస్తున్నారండీ?"

బాబాయ్ గారు బిగుసుకుపోయారు. గొడుగు మొక్క మీదే ఉంది, ఆయన నెత్తి మీద లేదు.

"ఎండ... ఎండకి పెడుతున్నానమ్మా!" అన్నారు, జోరున కురుస్తున్న వానలో.

"మంచి పని! నా పేరు చెప్పి పెట్టండి, బాగా పూస్తుంది!" అని ఆవిడ చెయ్యి ఊపి లోపలికి వెళ్ళారు. బాబాయ్ గారు తడిసి ముద్దై, కప్పు తనకే వచ్చినంత ఠీవిగా, పక్కింటి గేటు తీశారు.